పదకొండో రోజు దాకా ఆగమన్న మనిషి

కొన్నేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. దించుకుందామంటే చోటు దొరకలేదు. ఇంట్లో చెబితే మా ఆవిడ నన్ను ఎలా చూస్తుందో తెలుసు. తోటి ఏజెంట్లకు చెబితే సాయంత్రానికి జనగామ అంతా తెలిసిపోతుంది. మా వాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. నిజానికి మీ మీద కూడా నాకు అనుమానమే. ఇదంతా చదివి, వీడెవడో కనిపెడదామని చూస్తారేమో. చూడకండి. నా పేరు చెప్పను.

నా బుద్ధే అంత. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడికి నాతో ఏం పని పడింది అనుకుంటాను. మా పాలవాడు నీళ్లు కలపడని వీధంతా అంటుంది, నేను మాత్రం రోజూ గిన్నె వంచి చూస్తాను. ఈ బుద్ధి వల్ల కొన్ని చిన్న మోసాల నుంచి తప్పించుకున్న మాట నిజమే. ఒక మంచివాణ్ణి ముంచింది కూడా ఈ బుద్ధే.

నేను ఇన్సూరెన్స్ ఏజెంటుని. నాకు తిండి పెట్టింది ఆఖరి ఖర్చుల పాలసీ. పెద్ద వయసువాళ్లు నెలనెలా కొంచెం కట్టుకుంటూ పోతే, వాళ్లు పోయినప్పుడు అంత్యక్రియలకూ దినాలకూ సరిపడా సొమ్ము ఇంటివాళ్ల చేతికి వస్తుంది. చెప్పడం సులువే. కానీ బతికున్న మనిషి ఎదురుగా కూర్చుని, నీ చావు ఖర్చు నువ్వే దాచుకో అంటే ఎవరు ఊరుకుంటారు? స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక అవ్వ చీపురు తిరగేసింది. ఇంకొకాయన చాయ్ తాగించి, ఓపిగ్గా అంతా విని, నేను లేచాక గడపలో నీళ్లు చల్లించాడు.

ఈ పాలసీ విలువ తెలిసేది కొత్తగా చావు జరిగిన ఇంటి చుట్టుపక్కల వాళ్లకే. శవాన్ని ఇంట్లో పెట్టుకుని కొడుకులు చేబదుళ్ల కోసం తిరగడం కళ్లారా చూసిన తమ్ముళ్లు, వియ్యంకులు, పక్కింటివాళ్లు. వాళ్లే అసలైన పార్టీలు. మరి ఏ ఊళ్లో ఎవరు పోయారో నాకెలా తెలియాలి? పేపర్లో పడేది పెద్దింటి చావులు. వాళ్లకు నా పాలసీ అక్కరలేదు.

అలాంటప్పుడు యాకూబ్ దొరికాడు. పేరు మార్చాను. అతనికి గూడూరులో టెంట్ హౌస్ ఉండేది. పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు కిరాయికి ఇచ్చేవాడు. వాటితోపాటు శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె కూడా. దూరపు చుట్టాలు వచ్చేదాకా శవం ఆగాలి కదా. గంగారం అడవి ఊళ్ల దాకా తన ట్రాలీ ఆటోలో పెట్టెను తానే తీసుకుపోయేవాడు. మనిషి పోయిన ఇంట్లోంచి చాలాసార్లు మొదటి ఫోన్ చుట్టాలకు కాదు, యాకూబ్‌కు వెళ్లేది. యాకూబ్ నాకు చేసేవాడు. ఊరు, ఇంటి పేరు, పోయిన మనిషి ఫోటో, అన్నీ పంపేవాడు.

కమిషన్‌లో వాటా ఇస్తానన్నాను. వద్దన్నాడు. "పెట్టె కిరాయి అడిగేటప్పుడు నాకే సిగ్గయితదన్నా. ఏడ్సుకుంట కొంగు ముడి ఇప్పుతరు. నీ పాలసీ ఉంటె నేను జర తలెత్తి అడుగుత," అన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. దినాలు అయ్యాకనే పోవాలి. పదకొండో రోజు దాకా ఆ ఇంటి వైపు, ఆ వాడ వైపు చూడకూడదు.

ఆ షరతు వ్యాపారానికీ మంచిదే అని తర్వాత అర్థమైంది. శ్మశాన వైరాగ్యంలో సంతకం పెట్టినవాడు మూడో నెలలో కట్టడం మానేస్తాడు. దినాలయ్యాక, కళ్లు తుడుచుకున్నాక పెట్టినవాడు మానడు. నా పార్టీలు నిలబడ్డాయి. మేనేజరు నన్ను చూపించి పదిమందికీ చెప్పేవాడు. కానీ నాకు లోపల ఒక పురుగు తొలుస్తూనే ఉండేది. ఊరికే ఎవరు చేస్తారు? వీడికి ఇందులో ఏం వస్తోంది?

ఇక్కడ నా పద్ధతి ఒకటి చెప్పాలి. పదకొండు రోజులు ఊరికే కూర్చోవడం నావల్ల కాలేదు. కబురు అందిన రోజే ఆ ఫోటోకు పూలదండ తగిలించి, ఊరి పేరూ ఇంటి పేరూ రాసి, శ్రద్ధాంజలి అంటూ కింద నా పేరూ నంబరూ వేసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాణ్ణి. తర్వాత ఆ ఇంటికి పోయినప్పుడు, మీ నాయిన ఫోటో నేను కూడా పెట్టాను, చూడండి అని చూపిస్తే మనసు మెత్తబడేది. తెలివైన పని అనుకునేవాణ్ణి.

ఒకసారి గూడూరు పక్కన ఒక తండాకు పోయాను. దినాలు అయిపోయాయి. చనిపోయినాయన తమ్ముడు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. పాలసీ సంగతి ఎత్తగానే, "గా అక్క పిట్టకు పెట్టిన నాడే అచ్చింది, మేం రాయించుకున్నం," అన్నాడు. అంటే మూడో రోజున. ఆ అక్క మా ఆఫీసులోనే ఇంకో ఏజెంటు, సరోజన. పోనీలే అనుకున్నాను. తర్వాతి ఊళ్లోనూ అదే. ఆ తర్వాతి ఊళ్లోనూ అంతే.

ఈమెకు ఎవరు చెబుతున్నారు? ఆ ఇళ్ల సంగతి తెలిసింది యాకూబ్‌కూ నాకూ మాత్రమే. నేను చెప్పలేదు. ఇక మిగిలింది ఎవరు? అంతలోనే ఆ షరతు గుర్తొచ్చింది. పదకొండో రోజు దాకా నన్ను ఎందుకు ఆగమన్నాడు? నన్ను కట్టేసి ఆమెను ముందు పంపడానికే కదా. అంతా అతికినట్టు సరిపోయింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. నాకు ఆ పచ్చదనమే వెలుతురనిపించింది.

అతణ్ణి అడగలేదు. ఎందుకు అడగలేదు? అడిగితే కాదంటాడు, కోపం తెచ్చుకుని ఫోన్లు మానేస్తాడు అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, అప్పటికే ఇంకో టెంట్ హౌస్ ఆయనతో మాట్లాడి పెట్టుకున్నాను, యాకూబ్ పడిపోతే నాకు వచ్చే నష్టం లేదు. అంత లెక్క వేసుకున్నవాణ్ణి ఒక్క మాట అడగలేకపోయానంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను.

ఒక ఊళ్లో దినాల భోజనాల దగ్గర మగవాళ్లం కూర్చున్నాం. ఎవరో ఫ్రీజర్ పెట్టె ఊసెత్తారు. నేను మాంసం ముక్క నములుతూ, "యాకూబ్‌కు ముందే ఎర్కైతదట. మంచం పట్టినోళ్ల ఇంటి ముంగట బండి ఆపుకొని సూస్తడట," అన్నాను. నలుగురు నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆయన నవ్వకపోవడం చూసి, మాట పారిందని నాకు సంతోషమైంది. అవును, సంతోషమే. దానికి వేరే పేరు పెట్టను.

కొద్ది రోజులకే యాకూబ్ బండి ఒక తండాలో పంచర్ అయింది. సరిగ్గా మంచంలో ఉన్న ఒక ముసలాయన ఇంటి ముందు. మర్నాడు ఆయన పోయాడు. ఇక చెప్పాలా? అది చావుబండి అయిపోయింది. ముందు పెళ్లిళ్లవాళ్లు మానేశారు. చావుబండిలో వచ్చిన కుర్చీల మీద పెళ్లివారిని ఎవరు కూర్చోబెడతారు? టెంట్ హౌస్ నడిచేదే పెళ్లిళ్ల మీద.

యాకూబ్ బస్సెక్కి జనగామలో మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ చాయ్ ఇచ్చింది. గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"నా బండి కనవడితె తలుపులు పెట్టుకుంటాన్రన్నా," అన్నాడు.

"ఎందుకు?" అన్నాను. అడగగలిగాను, చూడండి.

"నేను పోయి ఆగితె మనిషి పోతడట. గిదేం మాట? పంచరైతె ఆగిన. మా ఇంట్లామె ఏడుస్తాంది. పిల్లను బడిల గూడ గట్లనే అంటాన్రట."

"జనం అట్లనే అంటరు యాకూబ్. నాలుగొద్దులైతె మర్సిపోతరు."

"మర్సిపోరన్నా. నువ్వు ఊర్లన్ని తిరుగుతవు. గీ మాట ఎవడు పుట్టిచ్చిండో జర కనుక్కో. కొట్టుడు, తిట్టుడు ఏం జెయ్య. ఎందుకన్నవని అడుగుత. గంతే."

"కనుక్కుంట," అన్నాను.

చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి లేచాడు. చెప్పులేసుకుంటూ, "గంగారంల ఒక ఇల్లున్నదన్నా. నిన్ననే అయింది. దినాలు అయినంక పో," అన్నాడు. ఆ స్థితిలోనూ నాకు ఇల్లు చెప్పాడు. నాకేమనిపించిందో తెలుసా? వీడికి నా సంగతి తెలిసిపోయింది, నన్ను పరీక్షిస్తున్నాడు అనిపించింది. జాలి కాదు. ముందు వచ్చింది అనుమానమే.

ఆ ఏడాదే పెట్టె, షామియానాలు, బండి అన్నీ అమ్మేశాడు. భూపాలపల్లి పోయి బొగ్గు గనుల దగ్గర ఎవరి దగ్గరో టిప్పర్ డ్రైవరుగా చేరాడు. సొంత బండి ఉన్నవాడు.

అతను పోయిన కొన్నాళ్లకు ఆఫీసులో మీటింగ్ పెట్టారు. సరోజన మంచి పార్టీలను తెస్తోందని మేనేజరు మెచ్చుకుని, ఎట్లా పట్టుకొస్తున్నావమ్మా అని అడిగాడు. ఆమె నవ్వుతూ నా వైపు చెయ్యి చూపించింది. "గీ అన్ననే సార్ నా గురువు. పొద్దుగాల లేవంగనే అన్న స్టేటస్ సూస్త. ఊరు పేరు, ఇంటి పేరు అన్నీ ఉంటయి. అన్న దినాల దాక ఆగుతడు. నేను ఆగ," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె దాచిందేమీ లేదు, నాకు తెలుసనే అనుకుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాడని ఎవరినో వెక్కిరిస్తాం. నేను వెతకడంతో ఆగలేదు. పిల్లను ఎత్తుకుపోయింది నువ్వేనని ఒక అమాయకుడి మీదికి ఊరిని తోలాను.

ఆ రోజే భూపాలపల్లి బస్సు ఎక్కాల్సింది. ఎక్కలేదు. రేపు చెబుదాం, పండగ పోయాక చెబుదాం, అతను కాస్త నిలదొక్కుకున్నాక చెబుదాం. చెప్పి ఏం లాభం, టెంట్ హౌస్ తిరిగొస్తుందా అని కూడా అనుకున్నాను. పిరికివాడికి కారణాలు కరువా?

యాకూబ్ ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. భూపాలపల్లి చుట్టుపక్కల ఎవరైనా పోతే ఊరు, ఇంటి పేరు చెబుతాడు. పదకొండో రోజు దాకా ఆగమంటాడు. నేను పోతాను, పాలసీలు రాస్తాను, ఆ కమిషన్‌తో ఇంటికి బియ్యం తెస్తాను. ఫోన్ పెట్టేసే ముందు ప్రతిసారీ అడుగుతాడు, ఆ మాట ఎవరన్నారో తెలిసిందా అని. అతనికి నిజంగానే తెలియదా? తెలిసే అడుగుతున్నాడా? నా నోటితోనే రావాలని ఇన్నేళ్లుగా కాచుకుని ఉన్నాడా? గొంతులో ఏదైనా తేడా ఉందేమోనని చెవి రిక్కించి వింటాను. ఎప్పుడూ ఒకే గొంతు.

మొన్న కూడా అడిగాడు. "గది తెల్సిందా అన్నా?"

"ఇంకా లేదు," అన్నాను.

"తొందరేం లేదు తియ్," అన్నాడు.

నేనే అన్నాను, యాకూబ్. అన్నం ముందు కూర్చుని, నవ్వుతూ అన్నాను. ఇదిగో, మొదటిసారి ఈ మాట నాలోంచి బయటికి వచ్చింది. గుండె మీద బరువు కాస్త దిగినట్టుంది. ఇది క్షమాపణ కాదని తెలుసు. అతను తెలుగు పేపరు తప్ప ఏదీ చదవడు, ఇది అతని కంట పడదు. అది తెలిసే ఇక్కడ రాసుకున్నానేమో, ఆ అనుమానం కూడా నాకుంది.

నా పేరు చెప్పనని మొదట్లోనే అన్నాను. యాకూబ్ ఇన్నేళ్లుగా నన్ను అడుగుతున్నది ఆ ఒక్క పేరే.