నలభై ఎనిమిది సెకన్ల అభిప్రాయం

ఆ ఆఫీసు భవనానికి ఏడంతస్తులు, ఒక లిఫ్టు, ఆ లిఫ్టుకు ఒక మనిషి. భూముల కొలతల రికార్డులు దాచే ఆఫీసు కాబట్టి అక్కడ ప్రతిదానికీ ఒక కొలత ఉండేది. లిఫ్టుకూ ఉంది. మధ్యలో ఎవరూ ఆపకపోతే కింది నుంచి ఆరో అంతస్తుకు నలభై ఎనిమిది సెకన్లు. దిగేటప్పుడు నలభై అయిదు. ఆ మూడు సెకన్ల తేడా ఎందుకో ఇంజనీర్లు ఏదో చెబుతారు గానీ, ఇంటికి పోయే తొందర మనుషుల నుంచి లిఫ్టుకు అంటుకుంటుందని లిఫ్టాయన నమ్మకం.

ఆయన పనిని తేలిగ్గా చూడకూడదు. జాలీ తలుపు లాగాలి, ఇత్తడి పిడి తిప్పాలి, పెట్టె అడుగు అంతస్తు గచ్చుతో సమానంగా కలిసేలా ఆపాలి. బెత్తెడు పైన ఆపితే పెద్దవాళ్లు తూలతారు. బెత్తెడు కింద ఆపితే ఫైళ్ల బండి చక్రం తంతుంది. ఇరవయ్యారేళ్లలో ఆయన మనిషిని తూలనివ్వలేదు, ఫైలును జారనివ్వలేదు. "పైకా, కిందికా?" అన్న రెండు మాటలు తప్ప ఆయన నోట మరొకటి వినలేదని ఆఫీసంతా సాక్ష్యం చెబుతుంది.

మిగిలిన మాటలన్నీ ఏమయ్యాయంటే, ఆరో అంతస్తు టైపిస్టు గారికి ఖర్చయిపోయాయి.

మొదలు చాలా మామూలుగా జరిగింది. ఆయన స్టూలు మీద కూర్చుని పుస్తకం చదువుకుంటుంటే ఆవిడ ఎక్కింది. ఎలా ఉందని అడిగింది. ఇంకా చదువుతున్నాను, అయ్యాక చెబుతానన్నాడు.

"అయ్యాక అందరూ చెబుతారండీ. భోజనం చేశాక ఆకలి గురించి చెప్పినట్టుంటుంది. ఇప్పుడు చెప్పండి."

ఆయన రెండో అంతస్తు దాకా ఆలోచించాడు. కథానాయకుడు ప్రతి రెండు పేజీలకూ కిటికీలోంచి చూస్తున్నాడనీ, వాడికి మెడనొప్పి రాకుండా రచయిత జాగ్రత్త పడితే బాగుంటుందనీ చెప్పాడు. ఆవిడ అయిదో అంతస్తులో నవ్వింది. అది కాస్త ఆలస్యమైన నవ్వే అయినా ఆయనకు పద్నాలుగేళ్లు సరిపోయింది.

ఆ పద్నాలుగేళ్లలో వాళ్లకో చట్టం తయారైంది. చదువుతున్న పుస్తకం గురించే మాట్లాడాలి. చదివినంతవరకే మాట్లాడాలి. పుస్తకం పూర్తిచేసిన మనిషికి దాని మీద అభిప్రాయం చెప్పే హక్కు ఆ క్షణంతో రద్దవుతుంది. ఈ చట్టానికి కారకుడు ఏడో అంతస్తు సూపరింటెండెంటు. అతను ఏ పుస్తకం కనిపించినా చివర ఏమవుతుందో చెప్పకుండా దిగేవాడు కాదు. అందుకే వాళ్లిద్దరూ అతనికి ముగింపు గారని పేరు పెట్టుకున్నారు. ఒకసారి మూడో అంతస్తు దాటుతుండగా, టైపిస్టు గారి చేతిలోని నవల చూసి, "ఆ డాక్టరు బతకడు లెండి" అన్నాడు. ఆవిడ నెల్లాళ్లు మెట్లెక్కి వెళ్లింది. ఆ డాక్టరుకు అంతకంటే ఘనంగా సంతాపం ఎవరూ పాటించి ఉండరు.

అభిప్రాయాల్లో ఇద్దరికీ పొత్తు కుదిరేది కాదు. ఆవిడ రోజంతా ఇతరుల వాక్యాలు టైపు చేసే మనిషి కాబట్టి తప్పు కనిపిస్తే ఊరుకోలేదు. ఫలానా రచయితకు వాన కురిపించడం తప్ప మరో పని చేతకాదనేది. వాన ఆగితే కథ కూడా ఆగిపోతుందని పాపం ఆయన భయం కాబోలని ఈయన సర్దిచెప్పేవాడు. ఆవిడ పాత్రల్ని అనుమానించేది, ఈయన వెనకేసుకొచ్చేవాడు. తీర్పు రాకుండానే అంతస్తు వచ్చేది.

లిఫ్టు బయట వాళ్ల మధ్య మాటలే లేవు. ఓ ఆదివారం చెప్పులు కుట్టేవాడి దగ్గర ఎదురుపడ్డారు. ఇద్దరిదీ ఒక్కో చెప్పు అతని చేతిలో ఉంది కాబట్టి పారిపోవడానికి లేదు. బాగున్నారా అంటే బాగున్నారా అనుకుని, ఒంటికాలి మీద పావుగంట నిలబడి, చెరో దిక్కు చూసి వెళ్లిపోయారు. మర్నాడు లిఫ్టు ఎక్కాక గానీ మాట పెగల్లేదు.

సెలవులు తీసేసి కూడితే ఆ పద్నాలుగేళ్ల స్నేహం మొత్తం నాలుగు రోజులకు కాస్త తక్కువ. లెక్క ఆయనే వేశాడు. వేసి, ఆ కాగితం ఎవరికీ చూపించలేదు.

ఆవిడ రిటైరయ్యే సంవత్సరంలో ఒక పొరపాటు జరిగింది. ఆఫీసు పుస్తకాల బీరువాకు కొత్త పుస్తకాలు కావాలని ఆవిడ టైపు చేసిన జాబితాకు కార్బన్ ప్రతి కూడా దుకాణానికి చేరింది. దుకాణంవాడు నిజాయితీపరుడు. రెండు కాగితాలకు రెండు కట్టలు పంపాడు. రెండో కట్ట ఏ రిజిస్టరులోనూ లేదు. రిజిస్టరులో లేనిది ఆ ఆఫీసులో లేనట్టే. అలా మొదటిసారి ఇద్దరి చేతుల్లోకీ ఒకే పుస్తకం వచ్చింది; రిజిస్టరులో ఉన్న ప్రతి ఆయనకు, లేనిది ఆవిడకు.

ఏటి రేవులో టిక్కెట్లు చింపే ఒకావిడ కథ అది. పడవవాడు వెళతాడు, వస్తానంటాడు, రాడు. అంతే కథ; నాలుగు వందల పేజీలు. ఆ నెలంతా లిఫ్టులో రేవు తప్ప ఏమీ లేదు. పడవవాడు మోసగాడని ఆవిడ, ఏట్లో ఎదురుగాలి ఉంటుందని ఆయన.

ఆవిడ ఆఖరి రోజుకు ముందురోజు సాయంత్రం ఆయన రెండు వందల పన్నెండో పేజీలో ఉన్నాడు. ఆవిడ దిగుతూ అంది, "రెండు వందల నలభైలో ఆ తలుపు విషయం మీతో మాట్లాడాలి. ముందు మీరు అక్కడికి రండి."

ఆయన ఆ సాయంత్రమే అక్కడికి వెళ్లాడు. ఇరవయ్యెనిమిది పేజీలు చదివి, అగ్గిపుల్ల గుర్తుగా పెట్టి, మర్నాడు సిద్ధంగా స్టూలు మీద కూర్చున్నాడు. కానీ ఆరోజు పొద్దున లిఫ్టు నిండా జనం; సాయంత్రం ఆవిడతో పాటు పూలగుత్తులు, అట్టపెట్టెలు, ఏడుగురు గుమాస్తాలు ఎక్కారు. ముగింపు గారు నలభై అయిదు సెకన్లూ ఆవిడ సేవల గురించి ప్రసంగించాడు. పూలగుత్తుల సందులోంచి ఆవిడ చూపు ఆయనకు ఒక్కసారి అందింది. ఆయన పెట్టెను గచ్చుతో సమానంగా ఆపాడు. అంతకంటే చేయగలిగింది లేకపోయింది.

ఆవిడ రాత్రంతా రైల్లో వెళ్తే వచ్చే ఊళ్లో, చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. ఉత్తరం రాయవచ్చు కదా అంటారు. రాశాడు. అభిప్రాయం పదకొండు పేజీలు వచ్చింది. నలభై ఎనిమిది సెకన్లలో చెప్పాల్సినదానికి పదకొండు పేజీలంటే ఎక్కడో అబద్ధం చేరినట్టేనని చింపేశాడు. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ చింపాడు.

ఇక పుస్తకం. రెండు వందల నలభై ఒకటో పేజీ తిప్పితే కథ సాగిపోతుంది, సాగితే అయిపోతుంది, అయిపోతే చట్టప్రకారం ఆయనకు నోరుండదు. కాబట్టి ఆపాడు. రెండు వారాలకోసారి బీరువా గుమాస్తా దగ్గరికి వెళ్లి గడువు పొడిగించుకునేవాడు. ఇతరులకు అవకాశం ఇవ్వవలసిందిగా రెండు మెమోలు వచ్చాయి. "చదువుచున్నాను" అని రెండింటికీ లిఖితపూర్వకంగా జవాబిచ్చాడు. మూడేళ్లకు చివరి అట్టకు అంటించిన కాగితం మీద డెబ్భై ఎనిమిది తేదీలు పడ్డాయి. అన్నీ ఆయనవే.

ఇంట్లో ఆయన అక్కగారు ఉండేది. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చి, తమ్ముడికి పెళ్లి కాకపోవడాన్ని తన సౌకర్యంగా కాక తన బాధ్యతగా భావించిన మనిషి. రోజూ ఒకటే పేజీ తెరిచి చూసుకుని మూసేసే తమ్ముణ్ణి ఆవిడ ఏడాది పాటు గమనించింది.

"ఏరా, అది పుస్తకమా, కోర్టు కేసా?"

"వాదనలు పూర్తి కాలేదక్కా."

"అవతలి పార్టీ ఎవరు?"

ఆయన పుస్తకం మూసేశాడు. ఆవిడ మళ్లీ అడగలేదు గానీ, పుస్తకం దుమ్ము దులిపినప్పుడల్లా అగ్గిపుల్ల కదలకుండా చూసేది.

నాలుగో ఏడు ఒక మంగళవారం పదకొండు గంటలకు జాలీ తలుపు ముందు చేతికర్రతో టైపిస్టు గారు నిలబడి ఉంది. పింఛను కాగితాల మీద పాత సంతకం సరిపోలేదట, ఆరో అంతస్తులో స్వయంగా పెట్టాలట. ఆయన "పైకా, కిందికా?" అని అడిగాడు. అడిగాక, అది కింది అంతస్తనీ, దాని కింద ఇంకేమీ లేదనీ గుర్తొచ్చింది.

తలుపు మూసేలోగా ముగింపు గారు ఎక్కాడు. కుశలం అడిగాడు. స్టూలు మీది పుస్తకం చూశాడు. "ఓహో, రేవు కథా! చదివానండీ. ఇందులో చివరికి ఆ పడవవాడు..."

లిఫ్టు మూడో అంతస్తులో ఆగింది. "మీ అంతస్తండీ," అన్నాడు లిఫ్టాయన. ఏడో అంతస్తు మనిషి ఏమరుపాటున దిగాడు. వెనక్కి తిరిగేసరికి జాలీ తలుపు మూసుకుపోయింది.

నాలుగుకూ అయిదుకూ మధ్య ఆయన పిడి వదిలేశాడు. ఎటు చూసినా గోడ. అంతస్తు కాని చోట ఆ లిఫ్టును ఆపడం ఆయన ఇరవయ్యారేళ్లలో అదే మొదలు.

"ఎంతవరకు వచ్చారు?" అంది ఆవిడ.

"రెండు వందల నలభై."

"ఇంకానా?"

"తలుపు విషయం మాట్లాడాలన్నారు."

ఆవిడ చేతికర్రను గోడకు ఆనించింది. "నేను పూర్తిచేసేశానండీ. వెళ్లిన వారంలోనే. ఏం చెయ్యను, మా చెల్లెలింట్లో లిఫ్టు లేదు. ఇక నాకు హక్కు లేదు. మీరు చెప్పండి," అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. మూడేళ్లుగా కూర్చుకున్నదంతా నాలుగు మాటలకు దిగింది. "ఆ టిక్కెట్లావిడ గడియ వెయ్యబోయి, వెయ్యకుండా వెళ్లి పడుకుంటుంది. రచయిత మరిచిపోయాడని మొదట అనుకున్నానండీ. కాదు. పడవవాడు వచ్చినప్పుడు తలుపు తట్టాల్సిన పని ఉండకూడదని."

పైనుంచీ కిందనుంచీ గంటలు మోగుతున్నాయి.

"నేను చెబుదామనుకున్నది అది కాదండీ. తొంభయ్యో పేజీలో ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది. రెండు వందల నలభైలో లోపలికి తెరుచుకుంది. రచయిత చూసుకోలేదు. అదే చెబుదామనుకున్నాను."

"అంతేనా?"

"అంతే. మూడేళ్లు దీని గురించే ఆలోచించారా?"

"మధ్యమధ్యలో లిఫ్టు కూడా నడిపానండీ."

ఆవిడ నవ్వింది. ఈసారి ఆలస్యం లేదు. నవ్వు తగ్గాక కళ్లద్దాలు తుడుచుకుంటూ, "తలుపు ఎటు తెరుచుకుందో చూశాను. గడియ వెయ్యలేదన్న సంగతి చూడనే లేదు," అంది.

పదకొండు నిమిషాలయ్యాక లిఫ్టు కదిలింది. ఆరో అంతస్తు వస్తుండగా ఆవిడే చెప్పింది, ఇప్పుడు ఇంకో పుస్తకం మొదలుపెట్టాననీ, పేరు ఫలానా అనీ. "యాభై మూడో పేజీలో ఉన్నాను. అందులో ఒక ఉత్తరం ఉంది, దాని సంగతి..." తలుపు తెరుచుకుంది. అవతల ఎనిమిదిమంది కోపంగా నిలబడి ఉన్నారు.

దిగేటప్పుడు లిఫ్టు నిండా జనం. సంతకం చేయించాల్సిన అధికారి సెలవులో ఉన్నాడనీ, మళ్లీ రావాలనీ, ఎప్పుడన్నది కబురు పెడతారనీ జనం తలల మీదుగా ఆవిడ గట్టిగా ఎవరికో చెప్పింది. ఆ ఆఫీసు పుట్టిన దగ్గర్నుంచీ, సెలవులో ఉన్న అధికారికి మనసులో దణ్ణం పెట్టుకున్న మనిషి లిఫ్టాయన ఒక్కడే.

పదకొండు నిమిషాలకు సంజాయిషీ అడిగారు. "సాంకేతిక లోపము. సరిచేయబడినది" అని రాసిచ్చాడు. ఆ సాయంత్రమే రేవు పుస్తకం బీరువా గుమాస్తాకు అప్పగించాడు. ఆ గుమాస్తా ఆశ్చర్యపోయి, మొత్తానికి పూర్తిచేశారన్నమాట, ఎలా ఉందని అడిగితే, "ఇంకా చదువుతున్నానండీ," అన్నాడు. అని, ఆవిడ చెప్పిన కొత్త పుస్తకం పేరు చీటీ మీద రాసిచ్చాడు.

రెండు సాయంత్రాల్లో యాభై మూడో పేజీకి చేరాడు. ఉత్తరం ఉంది. రెండుసార్లు చదివాడు. అగ్గిపుల్ల పెట్టి మూశాడు.

వంటింటి గుమ్మంలోంచి అక్కగారు చూస్తోంది. "ఏరా, ఆ కేసు తేలిందా?"

"ఇది వేరే కేసక్కా. వాయిదా పడింది."

"ఎప్పటికి?"

"కబురు పెడతారట."

అక్కగారు వచ్చి, బల్ల అంచున ఉన్న పుస్తకాన్ని గాలి తగలని మూలకు జరిపి వెళ్లింది.