కీవిట్ పడవ బేరం

కర్రల మీద నిలబెట్టిన పడవలో కాపురం చేయాలంటే ముందు నిచ్చెనతో స్నేహం చేసుకోవాలి. పళ్ళు తోముకోవాలంటే నిచ్చెన, ఒంటికి పోవాలంటే నిచ్చెన, కూరగాయలు తెచ్చుకుంటే సంచీ మెడకి తగిలించుకుని మళ్ళీ నిచ్చెన. అక్టోబరు ఆఖరున ఫినికె పడవల యార్డుకి తిరిగొచ్చేవాళ్ళందరికీ ఇది తెలిసిన బాధే. వేసవంతా తమ తమ దేశాల్లో మనవల్ని ఆడించి, తోటలు కత్తిరించుకుని, చలి మొదలవగానే టర్కీ ఎండకి ఎగిరొచ్చే జాతి ఇది. వచ్చి, దుమ్ము కొట్టుకుపోయిన పడవని కడిగి, అడుగుకి రంగు పూసి, నీళ్ళలోకి దింపించుకుని, వసంతం వచ్చేదాకా అందులోనే వండుకు తింటారు.

హిస్కె ఈ జాతిలో పాత కాపు. భుజాలు వెడల్పు, నోరు ఇంకా వెడల్పు. హాలెండులో హార్లింగన్ అనే ఊళ్ళో మొగుడు వీబెతో కలిసి చాలాకాలం సైకిళ్ళ కొట్టు నడిపింది. కొట్టు వదిలించుకున్న ఏడే ఇద్దరూ కలిసి పాత తెరచాప పడవ ఒకటి కొన్నారు. దాని పేరు కీవిట్, అంటే తీతువు పిట్ట. మనవైపు తీతువు కూసిందంటే గుండెలు గుబగుబలాడతాయి గానీ, హిస్కె పుట్టిన సీమలో వసంతంలో దాని మొదటి గుడ్డు ఎవరికి దొరికితే వాళ్ళ పేరు పేపర్లో వేస్తారు. ఆ పిట్టని తిడితే హిస్కెకి ఒళ్ళు మండుతుంది. పడవని తిడితే ఇక చెప్పనక్కర్లేదు.

పడవలవాళ్ళ లోకంలో ఒక కట్టుబాటు ఉంది. దాన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ మీరరు. చుక్కాని చక్రం మొగుడిది. ముందు కొసన మోకు పట్టుకుని నిలబడి, మొగుడి తిట్లు వీపుతో వినడం పెళ్ళాం వంతు. రేవులోకి ఏ పడవ వచ్చినా మిగతా పడవల వాళ్ళంతా టీ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చి కూర్చుంటారు. సాయం చేద్దామని, అంటారు. తమాషా చూద్దామని అనరు. ఇన్ని శీతాకాలాల్లో వీబె అరిచిన అరుపులకి హిస్కె ఒక్కనాడూ వెనక్కి తిరిగి జవాబు చెప్పలేదు. పడవ కట్టేశాక, లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాక చెప్పేది. ఆ జవాబులు తలుపు దాటి బాగానే వినిపించేవి.

ఈ కట్టుబాటుకి తోడు ఇంకొకటుంది, పొద్దుటి రేడియో. ప్రతి పడవలోనూ గోడకి ఒక రేడియో, దానికి మెలికల తీగతో వేలాడే మాట్లాడే డబ్బా ఉంటాయి. డబ్బా మీద మీట నొక్కితే మన మాట రేవంతా వింటుంది. రోజూ కాఫీల వేళకి మ్యూరియల్ అనే ఇంగ్లీషావిడ, ఒకప్పుడు ఏదో బడికి హెడ్‌మిస్ట్రెస్, అందరి హాజరు వేసుకుని వార్తలు చదువుతుంది. గాలి ఎటునుంచి, ఎవరొచ్చారు, ఎవరి గ్యాసు బండ అయిపోయింది. ఆపైన ఎవరైనా ఇద్దరు గుట్టుగా మాట్లాడుకోవాలని వేరే నంబరుకి మారితే, రేవు రేవంతా చప్పుడు చేయకుండా ఆ నంబరుకి మారి వింటుంది. ఇదీ అందరికీ తెలుసు. అయినా అందరూ మారుతూనే ఉంటారు.

ఈ ఏడు యార్డుకి వచ్చిన మర్నాడే హిస్కె ఆ రేడియోలో తన ఇంటి వార్త తను విన్నది. "కీవిట్ అమ్మకానికి ఉంది, కావలసినవాళ్ళు వీబెని కలవండి," అని మ్యూరియల్ చదివింది. చదువుతూ చదువుతూనే ఆవిడ గొంతు తగ్గిపోయింది. హిస్కెకి తెలియదని అప్పుడే ఆవిడకీ తట్టింది. చేతిలో రొట్టె చేతిలోనే ఉండగా హిస్కె మొగుడికేసి చూసింది. వీబె మాత్రం కాఫీ కప్పులోకి చూస్తున్నాడు.

"మోకాళ్ళు అరిగిపోయాయి," అన్నాడు. "ముసలాళ్ళమైపోయాం హిస్కె. ఇక చాలు."

"నీ మోకాళ్ళు అరిగితే నీ మోకాళ్ళు అమ్ముకో," అంది హిస్కె.

కానీ పడవ కాగితాలు వీబె పేరునే ఉన్నాయి. చూడటానికి మనిషి కూడా కుదిరాడు, రైన్‌హోల్డ్ అని, ఆస్ట్రియాలో మందుల షాపు నడిపి మానేసినవాడు. నాలుగు రోజుల్లో వస్తానన్నాడట. హిస్కెకి ఇక్కడ చలికాలమంటూ మిగిలేదీ లేనిదీ ఆ నాలుగు రోజుల్లో తేలాలి. హార్లింగన్‌లో నాలుగు నెలల పాటు అద్దంలోంచి వాన చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాదు. బతిమాలింది, కుదరలేదు. అలిగింది, వీబె గమనించనట్టే ఉన్నాడు. అప్పుడిక సంతకెళ్ళి ఒక చేప కొనుక్కొచ్చింది.

చిన్న చేపే. పెద్దదైతే అనుమానం వస్తుందని మ్యూరియల్ సలహా ఇచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గా ఎన్ని కొంటె వేషాలు పట్టుకుందో, అన్నీ ఆవిడకి గుర్తున్నాయి. ఆ చేపని హిస్కె పొయ్యి వెనక సందులో తోసి వదిలేసింది. యార్డు మేస్త్రి జెవ్‌దెత్ అడుగుకి రంగు వేస్తూ, రెండో రోజుకల్లా తల పైకెత్తి, "అబ్లా, పడవలో ఏదో చచ్చినట్టుంది," అన్నాడు. అక్క అని పిలిచి మరీ చెప్పాడు పాపం. "ఇంకా చావలేదు, చావబోతోంది బేరం," అంది హిస్కె. రాత్రిళ్ళు ఆ కంపులోనే పడుకోవలసి వచ్చింది ఆమెకి కూడా. వీబె మాత్రం కిటికీలన్నీ తెరుచుకుని, మురుగు గొట్టం అనుకుని దాని చుట్టూ తిరిగాడు.

రైన్‌హోల్డ్ వచ్చాడు. నిచ్చెన ఎక్కుతూనే మూడు తుమ్ములు తుమ్మాడు. విమానంలో జలుబు పట్టుకుందట, ముక్కులు రెండూ పూర్తిగా దిబ్బడ. పొయ్యి దగ్గరే కూర్చుని, ఇంత హాయైన వంటిల్లు ఏ పడవలోనూ చూడలేదన్నాడు. వాన కురిస్తే మంచం మీద కారుతుందని హిస్కె చెబితే, ఇంత నిజాయితీగా చెప్పే మనుషులు ఈ రోజుల్లో ఎక్కడున్నారని మెచ్చుకున్నాడు. రేపు మళ్ళీ వచ్చి మాట ఖాయం చేసుకుంటానని, తుమ్ముకుంటూ దిగిపోయాడు.

అతను వెళ్ళాక వీబె మోకాళ్ళ మీద కూర్చుని ముక్కుతో వాసన పట్టుకుంటూ వెతకడం మొదలుపెట్టాడు. పొయ్యి వెనక చెయ్యి పెట్టాడు. చేప పక్కనే చెయ్యి పోతోంది, వస్తోంది, దొరకడంలేదు. కళ్ళెదుట ఉన్నదాన్ని తడుముకుంటున్నాడంటే తనని సిగ్గుపడేలా చేయడానికే నాటకమాడుతున్నాడనుకుంది హిస్కె. చివరికి తోక చేతికి తగిలింది. అతను అరవలేదు. అరిస్తే బాగుండేది.

"రేపు నేనొక్కణ్ణే చూపిస్తాను," అన్నాడు. "నువ్వు ఎక్కడికైనా వెళ్ళు."

మర్నాడు హిస్కె రేవులో ఉన్న మ్యూరియల్ పడవకి వెళ్ళి కూర్చుంది. మ్యూరియల్ కాఫీ పోసింది. రేడియో ఎప్పటిలాగే గోడ మీద గురగురమంటోంది. కాసేపటికి అందులోంచి ఒక తుమ్ము వినబడింది, తరవాత వీబె గొంతు.

ఏం జరిగిందో ఇద్దరికీ వెంటనే అర్థమైంది. పొద్దున హిస్కె మాట్లాడి సోఫా మీద పడేసిన డబ్బా మీద వీబె కూర్చున్నాడు. మీట నొక్కుకుపోయింది. ఈ లోకంలో ఇలాంటిది ఏడాదికోసారి ఎవరికో జరుగుతూనే ఉంటుంది. మీట నొక్కి ఉన్నంతసేపూ ఆ పడవలోవాళ్ళకి అవతలివాళ్ళ మాట వినబడదు గనక, రేడియోలో అరిచి చెప్పే వీలు లేదు. పరుగెత్తుకెళ్ళి చెప్పాల్సిందే. మ్యూరియల్ లేవబోయింది. హిస్కె ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇంత మంచి పడవని ఎందుకు అమ్ముతున్నారని రైన్‌హోల్డ్ అడిగాడు. రేవులో అందరికీ తెలిసిన ఇంగ్లీషులోనే అడిగాడు.  వీబె చెప్పాడు.

"నాకు కళ్ళు పోతున్నాయి. పక్కలు కనబడతాయి, మధ్యలో మసక. ఇప్పుడు నీ చెవులు కనబడుతున్నాయి, ముక్కు కనబడటంలేదు. పోయిన ఏప్రిల్లో రేవు ముందు దారి చూపిస్తూ తేలే ఎర్రబుడ్డిని గుద్దబోయాను. కావాలనే దగ్గరగా పోనిచ్చానని ఆవిడకి చెప్పాను."

"భార్యకి తెలియదా?"

"చెబితే నన్ను చూసుకోవడం మొదలుపెడుతుంది. పడవలో నాకున్న పని ఒక్కటే. అది పోతే నేను సామానుకింద లెక్క. ఆవిడకి ఈ పడవంటే ప్రాణం. నన్ను మోసుకుంటూ తిరిగి తిరిగి, దీన్ని చూస్తేనే విసుగొచ్చే రోజు రాకముందే అమ్మేయాలి."

మ్యూరియల్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. హిస్కెకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు కానివ్వాలో తెలియక కప్పులో కాఫీ మొత్తం తాగేసి, లేచింది. కళ్ళు కనబడని మనిషి మీద చేప ప్రయోగించినందుకు సిగ్గుతో ముఖం కాలిపోతోంది. కళ్ళు కనబడటంలేదని పెళ్ళానికి చెప్పకుండా ఆస్ట్రియావాడికి చెప్పినందుకు చేతులు దురదపెడుతున్నాయి.

రేవు గట్టున నడిచి వెళుతుంటే ప్రతి పడవలోనూ మనుషులు బయటే ఉన్నారు. అంతా తలలు వంచుకుని, ముడి ఉన్న మోకులు విప్పుకుంటూ, లేనివి వేసుకుంటూ ఉన్నారు. ఏ ఒక్కరూ ఆమెకేసి చూడలేదు. ఆ రేవు ఆమెకి అంతకన్నా మర్యాద ఎప్పుడూ చేయలేదు.

హిస్కె నిచ్చెన ఎక్కి లోపలికి తొంగిచూసింది.

"లే," అంది.

"ఎందుకు?"

"రేవంతా నీ పిర్రల కింద ఉంది. లే."

వీబె లేచాడు. తడిమి డబ్బా పట్టుకున్నాడు. అది చేతికి తగలగానే ముఖంలో రంగు పోయింది. రైన్‌హోల్డ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మందుల షాపులో వేల ముఖాలు చూసిన మనిషి గనక, టోపీ తీసుకుని లేచాడు. పడవ అమ్మకానికి లేదని హిస్కె అతనికి మర్యాదగానే చెప్పింది, దారిలో తాగమని అల్లం టీ పొట్లం కూడా ఇచ్చింది. అతను దిగేదాకా ఆగి వీబె నోరు విప్పాడు.

"అమ్మకపోతే నడిపేదెవరు?"

"నేను."

"నీకేం వచ్చు?"

"ఇన్నేళ్ళు నువ్వు చేసిన తప్పులన్నీ ముందు నిలబడి చూశాను. వెనక ఉన్న నీకేం కనబడ్డాయి? కళ్ళున్నప్పుడు మాత్రం కనబడ్డాయా?"

వీబె నవ్వలేదు. సోఫా మీద మళ్ళీ కూర్చున్నాడు, ఈసారి ముందు చేత్తో తడిమి చూసుకుని. "భయంగా ఉంది హిస్కె," అన్నాడు. ఆ మాట అతని నోట ఆమె ఎప్పుడూ వినలేదు. పక్కన కూర్చుంది. తనకీ భయంగానే ఉందని చెప్పింది. చేప సంగతికి క్షమించమని కూడా అడిగింది. చేపకి కాదు, మూడు రాత్రులు నిద్ర లేనందుకు కోపమన్నాడు వీబె.

పడవని నీళ్ళలోకి దింపే రోజు గాలి అడ్డంగా వీచింది. జెవ్‌దెత్ క్రేను పట్టీలు వదిలాడు. కీవిట్ ఒక్కసారి వెనక్కి ఊగి తేలింది. చక్రం దగ్గర హిస్కె, ముందు కొసన మోకుతో వీబె. రేవులో ఒక్క టీ గ్లాసు కూడా బయటికి రాలేదు. అంతా రబ్బరు బుడగలు పట్టుకుని, అడ్డం పెట్టడానికి తమ పడవల అంచున బారులు తీరి నిలబడ్డారు. అది చూసి హిస్కెకి ఒళ్ళు మండింది.

"అందరూ కూర్చోండి," అని కేకేసింది. "తమాషా చూడండి, ఎప్పటిలా." వాళ్ళు కూర్చోలేదు గానీ, సిగ్గుపడి టీలు తెచ్చుకున్నారు.

తరవాత ఆమె అరవడం మొదలుపెట్టింది. మోకు ఎడమకి వెయ్యమంది, అది కాదు కుడికంది, నిద్రపోతున్నావా అంది, సైకిలు పంచరు వేసుకునే చేతులకి మోకు ఎందుకిచ్చానా అంది. గాలి పడవ ముక్కుని పక్కకి తోసేస్తుంటే ఇంజను వెనక్కి వేసి, ముందుకి వేసి, బూతు కూడా ఒకటి వాడింది. వీబె ఆమె గొంతు వచ్చే దిక్కునే నమ్ముకుని, మోకు విసిరి, తడిమి, పట్టుకుని, కట్టాడు. వీపు నిటారుగా పెట్టుకుని నిలబడ్డాడు, కుర్రాడిలా. అంతా అయిపోయింది అనుకున్న క్షణంలో పడవ పక్క భాగం గట్టు మూలకి రాసుకుని, రేవంతా పళ్ళు జివ్వుమనేలా కర్రుమంది.

హిస్కె ఇంజను ఆపి గట్టు మీదికి దూకి చూసింది. తెల్లటి రంగు మీద మూడు బారల పొడవు గీత.

"తగిలిందా?" అన్నాడు వీబె దిగుతూ.

"ఊరికే. గోరంత."

వీబె గట్టు అంచున వంగి, పడవ పక్కకి అరచెయ్యి ఆనించాడు. గీత మొదలు దొరికింది. దాని వెంబడే చెయ్యి జరుపుకుంటూ నడిచాడు. నడుస్తూనే ఉన్నాడు. హిస్కె పెదవి కొరుక్కుంటూ పక్కనే నడిచింది. గీత అయిపోయిన చోట అతను ఆగి, మళ్ళీ వెనక్కి అంతదూరమూ తడుముకుంటూ వచ్చాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడేమోననుకుంది ఆమె. ముఖంలోకి వంగి చూస్తే, నవ్వుతున్నాడు.

"నీ గోళ్ళు తీసుకోవే ముందు," అన్నాడు.