అల్లుడు గారు వేసిన తాళం

తాను లేకపోతే ఆ చోటు నడవదన్న భ్రమ కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషిని ఎంత తొందరగా పట్టుకుంటుందో, అంత ఆలస్యంగా వదులుతుంది. ఆ రోజుల్లో నన్నది మొదటి జీతం కంటే ముందే పట్టుకుంది. నూజివీడులోనే ఇంజనీరింగు చదివి, పెద్ద ఊళ్ళ కంపెనీలు నన్ను మర్యాదగా వద్దన్నాక, ఊరి చివర మామిడికాయలు మాగబెట్టే ఒక షావుకారు గారి దగ్గర కంప్యూటరు చూసే పనిలో కుదిరాను. మా నాన్న ముసునూరు వైపు తోటల్లో కాయకోతకు వెళ్ళే మనిషి. మా ఇంట్లోంచి ఇస్త్రీ చొక్కాతో పనికి బయల్దేరిన మొదటివాణ్ణి నేనే. (మొదట్లో టై కూడా కట్టుకుని వెళ్ళేవాణ్ణి. నడివేసవిలో దాన్ని చాలాసేపు పరిశీలనగా చూసి, మెడ నొప్పి ఎలా ఉందని షావుకారు గారు అడిగిన తర్వాత మానేశాను.)

అక్కడ పెద్ద పెద్ద చల్లటి గదులుండేవి. పచ్చి బంగినపల్లి కాయల్ని ట్రేలలో పేర్చి లోపల పెట్టి తలుపులు బిగిస్తే, కావలసినంత చల్లదనం, మాగడానికి కావలసిన వాయువు అందుతాయి. మధ్యమధ్యలో ఫ్యాన్లు తిరిగి లోపలి పాత గాలిని బయటికి నెడతాయి. కొన్నాళ్ళకు కాయలు పసిమి రంగు తిరిగి బయటికి వస్తాయి. ఇదంతా నడిపించేది ఆఫీసులో ఉన్న ఒక కంప్యూటరు. చిక్కల్లా ఏమిటంటే, ఆ గదుల్ని నడిపే ప్రోగ్రాం బాగా పాతది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. ఈ కాలం కంప్యూటర్లలో అది నడవదు. అందుకని కంప్యూటరు లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటరును సృష్టించి, ఆ పాత ప్రోగ్రాంను అందులో కాపురం పెట్టించారు. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. పైగా ఎవరూ వేలు పెట్టకుండా దాన్ని ఎన్‌క్రిప్ట్ చేశారు, అంటే లోపలున్నదంతా ఎవరికీ అర్థం కాకుండా గజిబిజి చేసి, పాస్‌వర్డు అనే తాళం వేశారు. ఆ తాళం వేసింది షావుకారు గారి అల్లుడు గారు.

ఆయన్ని నేను అప్పటికి చూడలేదు. మావగారి దగ్గర కొంతకాలం ఉండి ఆ ఏర్పాటంతా చేసింది ఆయనేనని మాత్రం విన్నాను. కంప్యూటరు చెప్పేదాకా గది తలుపు తీయకూడదని అల్లుడు గారి సిద్ధాంతం. పండు సంగతి ముక్కుకు తెలియాలి గాని మెషినుకేం తెలుస్తుందని షావుకారు గారి సిద్ధాంతం. ఆయన రోజూ పొద్దున్నే తలుపు తీసి, లోపల నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి వచ్చేవారు. ఒకరోజు కొనడానికి వచ్చినవాళ్ళ ముందే మాటా మాటా పెరిగింది. అల్లుడు గారు భార్యాబిడ్డల్ని తీసుకుని మైలవరం వెళ్ళిపోయి, అక్కడ విత్తనాల షాపు పెట్టుకున్నారు. తల్లీకూతుళ్ళ రాకపోకలు మామూలే. మగవాళ్ళిద్దరికీ మాత్రం మాటల్లేవు. ఎప్పుడైనా ప్రస్తావన వస్తే షావుకారు గారు "ఆ మైలవరం ఆయన" అనేవారు, మైలవరం సముద్రాల అవతల ఉన్నట్టు.

ఆ ఉత్తుత్తి కంప్యూటరును మోసే సాఫ్ట్‌వేరు పాతబడిందని, కొత్తది వేసుకోమని, రోజూ తెర మూల ఒక పసుపు పచ్చ డబ్బా ప్రత్యక్షమయ్యేది. అది షావుకారు గారి కంట్లో నలుసైంది. ఒకరోజు పొద్దున, ముందు దాని సంగతి చూడమన్నారు. నేను చాలా పద్ధతిగా చూశాను. ఫైళ్ళన్నిటికీ నకళ్ళు తీశాను, కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించాను, కంప్యూటరును ఆపి మళ్ళీ వెలిగించాను. పసుపు డబ్బా పోయింది. దాని స్థానంలో తెల్లటి డబ్బా ఒకటి వచ్చి పాస్‌వర్డు అడిగింది. ఇన్నాళ్ళూ పాత సాఫ్ట్‌వేరు ఆ పాస్‌వర్డును తన జ్ఞాపకంలో దాచుకుని తనంతట తానే తాళం తీసుకునేది. అందుకే అలాంటిది ఒకటుందని అక్కడ ఎవరికీ గుర్తు లేదు. కొత్తదానికి ఆ జ్ఞాపకం లేదు. పాతదాన్నే తిరిగి ఎక్కించి చూశాను. దానికీ మతి పోయింది.

గదులన్నీ నిండుగా ఉన్నాయి. కంప్యూటరు ఆజ్ఞ లేనిదే ఫ్యాన్లు తిరగవు, అవి తిరగకపోతే లోపలి పాత గాలికి కాయలు చెడిపోతాయి. చేత్తో తలుపులు తీసి గాలి ఆడించవచ్చు గాని, తీసిన కాసేపటికే చల్లదనమంతా పోయి, బయట కాసే వేసవి లోపలికి వచ్చేస్తుంది. రెండో గదిలో ఉన్నవి మా నాన్న కాయలు. జీవితమంతా ఒకరి తోటలో కాయ కోసిన మనిషి, ఆ ఏడే ధైర్యం చేసి ఒక చిన్న తోట కౌలుకు తీసుకున్నాడు. కొడుకు పనిచేసే చోటు కదా అని, పంటంతా తెచ్చి అక్కడే పెట్టాడు. సంగతి తెలిసి ఆటోలో వచ్చి, ఆఫీసు గుమ్మం పక్కన ఖాళీ ట్రే బోర్లించుకుని కూర్చున్నాడు. నన్నొక్క మాట కూడా అనలేదు. కాసేపయ్యాక మాత్రం, "లోపల వాటికి ఊపిరాడుతుందంటావా నాయనా?" అని అడిగాడు. నేను ఇంగ్లీషు మాటలు కొన్ని కలిపి జవాబు చెప్పాను. ఆయన అంతా విని తల ఊపి, మళ్ళీ రెండో గది తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆఫీసు ఆస్పత్రి వరండాలా తయారైంది. అందరూ గొంతులు తగ్గించి మాట్లాడారు. వచ్చినవాళ్ళు కంప్యూటరు ముఖం చూసి, ఇంకా తెలివి రాలేదా అన్నట్టు నా ముఖం చూసేవారు. షావుకారు గారు మనవరాలి పేరు కొట్టించారు. ఇలవేల్పు పేరు కొట్టించారు. లారీ నంబరు కొట్టించారు. ఆఫీసు వెనకే ఉన్న ఇంట్లోంచి షావుకారు గారి భార్య, అంటే అమ్మగారు, అల్లుడికి ఇష్టమైన కూర పేరు చెప్పి పంపారు. (గుత్తివంకాయ. ఇంగ్లీషు అక్షరాల్లో దాన్ని ఎన్ని రకాలుగా రాయవచ్చో నాకు ఆ రోజే తెలిసింది.) ఏదీ పనిచేయలేదు. చివరికి ఎవరి మనసులో ఉన్న మాట వాళ్ళ మనసులోనే ఉంచుకుని, అందరూ షావుకారు గారి వైపు చూశారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, మైలవరం ఫోన్ కలపమని నాకు చెప్పారు.

స్పీకరు పెట్టి ఫోను బల్ల మీద ఉంచాను. పాస్‌వర్డేంటో అడగమని షావుకారు గారు నాతో అన్నారు. ఆయన గొంతు ఫోన్లో అవతలికి స్పష్టంగా వినబడుతుందని తెలిసీ, నేను అదే మాటకు నాలుగు మర్యాదలు చేర్చి మళ్ళీ అడిగాను.

"అడుగుతున్నది ఆయనా, నువ్వా?" అన్నారు అల్లుడు గారు.

నేను షావుకారు గారి వైపు చూశాను. ఆయన నా వైపు వేలు చూపించారు. "నేనేనండీ" అన్నాను.

"అది ఫోన్లో చెప్పేది కాదు బాబూ. నా చేత్తో నేనే కొట్టాలి. కానీ పిలవని చోటికి నేను రాను." అంతటితో ఫోన్ పెట్టేశారు.

ఆ క్షణాన నాకు ఆయన మీద అపారమైన గౌరవం కలిగింది. పాస్‌వర్డును కన్నతల్లికి కూడా చెప్పకూడదని, ఫోన్లో అసలే చెప్పకూడదని, ఇంత కష్టంలో కూడా నియమం తప్పని మనిషిని ఇప్పుడే చూస్తున్నానని అక్కడున్న వాళ్ళందరికీ చిన్న ఉపన్యాసం ఇచ్చాను. సమాచార భద్రత గురించి నూజివీడులో ఎవరూ అంత ఆవేశంగా మాట్లాడి ఉండరు. షావుకారు గారు మొత్తం విని, మంచినీళ్ళు తాగమన్నారు.

అప్పుడు అమ్మగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆమె గొంతు పెంచలేదు. "మీ పంతాల సంగతి ఆ కాయలకేం తెలుసండీ? వాటి పాటికి అవి మగ్గిపోతుంటాయి" అన్నారు. షావుకారు గారు కిటికీ వదిలి బల్ల దగ్గరికి వచ్చారు. తర్వాత తనే ఫోను తీసుకుని, నంబరు తనే నొక్కి, దాన్ని చెవికి కాస్త దూరంగా పట్టుకున్నారు.

"బాబూ... ఎండ ముదరక ముందే బయల్దేరండి. భోజనం ఇక్కడే."

పాస్‌వర్డు మాట ఎత్తలేదు. అవతలి నుంచి "అలాగే మావయ్యగారూ" అని వినబడింది.

అల్లుడు గారు తలకు తడి తువ్వాలు చుట్టుకుని మోటారు సైకిల్ మీద వచ్చారు. కాళ్ళు కడుక్కుని, తిన్నగా వచ్చి కంప్యూటరు ముందు కూర్చుని, అందరినీ ఒక్క నిమిషం బయట ఉండమని అడిగారు. ఎవరూ కదల్లేదు. పైగా షావుకారు గారు కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కున్నారు. అల్లుడు గారు గబగబా కొట్టారు. తెర మీద అక్షరాలకు బదులు చుక్కలు పడ్డాయి. తప్పు అంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ తప్పు అంది. ఆయన నుదుట చెమట పట్టింది. నేను సాయంగా, పక్కనున్న కన్ను బొమ్మ నొక్కితే చుక్కల వెనకున్న అక్షరాలు కనబడతాయని, తప్పెక్కడుందో దొరుకుతుందని చెప్పాను. "వద్దులే" అన్నారాయన. ఇంకోసారి కొట్టారు. కాలేదు. నేను మళ్ళీ కన్ను బొమ్మ సంగతి ఎత్తాను. ఆయన నన్ను చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

అంతలో ఆయన దృష్టి గుమ్మం దగ్గరున్న మా నాన్న మీద పడింది. ఎవరని అడిగారు. రెండో గదిలో కాయలు ఆయనవేనని, మా నాన్నేనని చెప్పాను. అల్లుడు గారు కాసేపు మా నాన్న వైపు చూశారు. తర్వాత నిట్టూర్చి, మావగారి వైపు చూడకుండా, ఆ కన్ను బొమ్మ తనే నొక్కారు.

ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు వాక్యం బయటపడింది. షావుకారు గారు ముందుకు వంగి, కొత్తగా చదువు నేర్చినవాడిలా కూడబలుక్కుంటూ పైకే చదివారు. "మావయ్య... గారు... మాట... వినరు."

అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. అల్లుడు గారు గోడ మీది కాలెండరును అధ్యయనం చేయసాగారు. ఎవరి ముఖం చూడాలో తెలియక నేను తల దించుకుని కీబోర్డునే చూస్తూ ఉండిపోయాను. అలా చూడబట్టే, అంకెల వైపు వెలగాల్సిన చిన్న దీపం ఆరిపోయి ఉందని కనబడింది. ఆ వాక్యం తర్వాత అంకెలేమైనా ఉన్నాయా అని మెల్లగా అడిగాను. ఉన్నాయన్నారు అల్లుడు గారు, కాలెండరు వైపే చూస్తూ. పొద్దున కంప్యూటరును ఆపి వెలిగించినప్పుడు అంకెల మీట, అదే నమ్ లాక్, ఆగిపోయింది. ఆయన వేళ్ళు అంకెలు కొడుతూనే ఉన్నాయి గాని, ఒక్కటీ పడటం లేదు. మీట నొక్కాను. ఆయన మళ్ళీ కొట్టారు. తాళం వీడింది. పాత ప్రోగ్రాం బద్ధకంగా కళ్ళు తెరిచింది, కాసేపటికి గదుల వెనక ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా హోరున తిరిగాయి. మా నాన్న లేచి నిలబడ్డాడు.

షావుకారు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గారు పెట్టాడులే" అన్నారు.

ఇప్పుడా పాస్‌వర్డు మార్చమంటారా అని నేను అడిగాను. "ఎందుకు, ఉండనీ. నాకు గుర్తుంటుంది" అన్నారాయన. ఆ మధ్యాహ్నం మావా అల్లుళ్ళు పక్కపక్కన కూర్చుని గుత్తివంకాయతో భోంచేశారు. పెద్దగా మాట్లాడుకోలేదు. మజ్జిగ దగ్గర మాత్రం, తలుపు రోజుకోసారి తీయడం వల్ల ఎంత నష్టమో అల్లుడు గారు మొదలుపెట్టారు, ముక్కు సంగతి షావుకారు గారు ఎత్తుకున్నారు. ఆ పోట్లాట తర్వాత కూడా ఏళ్ళ తరబడి సాగింది. కాకపోతే ఎదురెదురుగా కూర్చుని సాగింది. రెండో గదిలో తలుపు దగ్గరి ట్రేలు కొన్ని మెత్తబడ్డాయి గాని, మిగతా కాయలన్నీ చక్కగా రంగు తిరిగాయి.

ఇప్పుడు నేను వేరే ఊళ్ళో ఇదే పని చేస్తున్నాను. తాళం పడిపోయిన కంప్యూటర్లను తెరవమని పిలుస్తుంటారు. వెళ్ళగానే, ఇది పెట్టినాయన ఎక్కడున్నారు, ఆయనతో మీకు మాటలున్నాయా అని అడుగుతాను. నా కింద పనిచేసే పిల్లలు దాన్ని హాస్యమనుకుంటారు.

తాళం వీడిన ఆ రోజు సాయంత్రం నాన్నా నేనూ ముసునూరు బస్సెక్కాం. పక్క సీటాయన ఏదో అడిగితే, కంప్యూటరు లోపలున్న ఇంకో కంప్యూటరుకు తాళం పడిపోతే మావాడు తీశాడని నాన్న చెప్పాడు. పాస్‌వర్డు ఎవరిదో, కొట్టింది ఎవరో, అల్లుడు గారు అందరి ముందూ ఏం పోగొట్టుకున్నారో, అంతా ఆయన కళ్ళముందే జరిగింది. అయినా అలాగే చెప్పాడు. నేను కిటికీలోంచి తోటలు చూస్తూ, ఆ మాట నిజమేనన్నట్టు చొక్కా కాలరు సర్దుకుని కూర్చున్నాను. నాన్న చెప్పిన తీరుకి ఊరు చేరేసరికి నేనే తీశానని పూర్తిగా నమ్మేశాను. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఒక్కోసారి మాత్రం, వాడు నమ్మినంత గట్టిగా ఏదైనా నమ్మి చాలా కాలమైందనిపిస్తుంది.