‘బాగుంది’ అనని మా శకుంతలక్క

పోయిన ఆదివారం చిక్కడపల్లిలో ఒక సభకు వెళ్లాను. కార్యక్రమం మొదలుకాకముందే మైకు కీచుమని కూసింది. హాల్లో అందరూ చెవులు మూసుకుంటే నేను మాత్రం తటాలున పక్క కుర్చీ వైపు తిరిగాను. అక్కడ ఎవరో పెద్దమనిషి ఫోనులో మునిగి ఉన్నాడు. ఏళ్ల తరబడి ఆ కుర్చీ శకుంతలక్కది. ఆవిడ పోయి ఏడాది దాటింది. అయినా మైకు కూస్తే నా మెడ అటే తిరుగుతుంది, ఏం చేయను!

శకుంతలక్క మా అమ్మకంటే పెద్దది. అయినా అశోక్ నగర్‌లో మా వీధి మొత్తానికీ అక్కే. ప్రభుత్వ బడిలో సైన్సు టీచరుగా రిటైరై, మా పై వాటాలో కిరాయికి ఉండేది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరలే" అనేది. అందులో కొంత నిజం కూడా ఉంది. పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి, పోటీ పరీక్షలకు చదివే పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని, ఆ రోజు నగరంలో ఎక్కడ ఏముందో పేపర్లన్నీ తిరగేసి చూసుకొచ్చేది. పుస్తకావిష్కరణ, పేరిణి నృత్యం, బుర్రకథ, బొమ్మల ప్రదర్శన, ఏదైనా సరే. ఆవిడకు తోడు ఇద్దరం. పోస్టుమాస్టరుగా రిటైరైన యాదగిరి గారు ఒకరు, అప్పుడే బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన నేను ఒకదాన్ని. ఒకే సాయంత్రం మూడుచోట్ల మూడు కార్యక్రమాలుంటే ముగ్గురం తలో దిక్కుకూ పోయేవాళ్లం. అయ్యాక నారాయణగూడలో ఇరానీ హోటల్లో కలుసుకుని, ఎవరు చూసింది వాళ్లు మిగతా ఇద్దరికీ చెప్పాలి. అలా ఒక్క టికెట్టు మీద మూడు సభలు చూసినట్టయ్యేది. ఇదంతా ఆవిడ పెట్టిన పద్ధతే.

అందులో ఒక్కటే నిషేధం. ‘బాగుంది’ అనకూడదు. ఆ సంగతి తెలియక మొదటిసారి నాట్యం చూసొచ్చి "మస్తు బాగుందక్కా" అన్నాను. ఆవిడ ఛాయ్ కప్పు కింద పెట్టింది.

"బాగుండుడు నీ సంగతి. ఆడ ఏమైందో చెప్పు."

"డాన్సు చేసిందక్కా."

"ఎట్ల చేసింది? ఏ కాలు ముందుగాల లేపింది? అలిసిపోయినంక ముఖం ఎట్లున్నది? నువ్వు కుర్చీల ఎప్పుడు ముందుకు జరిగినవ్?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంటికి పోయి "ఈవిడకు పిచ్చి" అని అమ్మతో అన్నాను కూడా. కానీ ఆ తర్వాత నాకు తెలియకుండానే నా చూపు మారిపోయింది. వేదిక మీద పాడేవాళ్లు ఎక్కడ నీళ్లు తాగుతారు, తబలా ఆయన ఎవరిని చూసి తలూపుతాడు, వెనక కూర్చున్నవాళ్లు ఎప్పుడు మాటలు ఆపుతారు, అన్నీ కావాలి నాకు. పక్కింట్లో పెళ్లిచూపులు జరిగినా అంత శ్రద్ధగా చూసేదాన్ని కాదు.

ఇక యాదగిరి గారి సంగతి. డెబ్బై దగ్గరపడ్డాక ఆయన పద్యం పాడటం నేర్చుకున్నారు. చిన్నప్పటి నుంచీ నాటకాల పిచ్చి ఉన్నా, వేషం కడితే ఇంట్లో అడుగు పెట్టనివ్వనని వాళ్ల నాన్న భయపెట్టాడట. చివరికి చిక్కడపల్లి సభలో పౌరాణిక పద్యాల కార్యక్రమంలో ఆయనకు చోటు దొరికింది. ఆ మాట చెప్పడానికి మెట్లెక్కి వచ్చి, రొప్పుతూనే అన్నారు.

"టీచరమ్మా, హాల్ల ఎంతమందన్న ఉండనీ. నువ్వు ఏం జెప్తవో అదే నాకు కావాలె. ఇన్నేండ్ల సంది అందరి సంగతి జెప్పినవ్. ఇగ నా సంగతి జెప్పు."

శకుంతలక్క తలూపింది. కానీ నవ్వలేదు. అదేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆయన పాడాల్సిన ఆదివారం మాకు క్షణం తీరిక లేదు. పొద్దున విద్యానగర్‌లో ఒక పుస్తకం మీద చర్చ. మధ్యాహ్నం సుల్తాన్ బజార్‌లో యాదగిరి గారికి జరీ కండువా కొనాలి. సాయంత్రం పద్యాలు. చర్చలో అక్క ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు ఆశ్చర్యం! ప్రశ్న వేయకుండా శకుంతలక్క సభ దాటడమా? వక్త అంత గొప్పగా చెప్పాడా అంటే, నాకైతే ఆవలింతలు ఆగలేదు. ఆవిడ మాత్రం ఆయన పెదవుల వంకే చూస్తూ కూర్చుంది.

"ఏందక్కా, ఇయ్యాల సప్పుడు లేదు?"

"ఆకలైతుంది, నడువ్" అని దాటేసింది.

సుల్తాన్ బజార్‌లో ఎప్పటిలాగే జనం. కండువా అంచును వెలుతురులో పట్టి చూసుకుంటూ అక్క దుకాణం మెట్టు దిగింది. వెనక నుంచి ఆటో హారన్ మోగిస్తూ వస్తోంది. అందరూ తప్పుకున్నారు, ఆవిడ కదల్లేదు. రెక్క పట్టి గుంజాను. "అమ్మా, వినవడదా?" అని ఆటో ఆయన అరిచి పోయాడు. నేనూ అంత కోపంగానే ఆవిడ వైపు తిరిగాను. ఆ ముఖం చూడగానే నా కోపం నీరుగారిపోయింది.

"నిజంగనే వినవడలేదే" అంది. "కొన్ని నెలల సంది గిట్లనే ఉన్నది. దగ్గరకొచ్చి మాట్లాడితే సమజైతది. మైకుల వస్తే అంత గరగర."

"చెవికి మిషన్ పెట్టుకోరాదా అక్కా?"

"పెట్టి చూసిన. మాటలకు సరే. పాట అయితే రేకుల మీద వాన వడ్డట్టున్నది."

"మరి సాయంత్రం?"

"గదే పరేషాన్. యాదగిరికి చెప్పకు. పాడెటోని మనసుల గిది పెట్టొద్దు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వినకుండా ఆయన సంగతి ఎలా చెబుతుంది? నిజం చెబితే ఆయన ఎదురుచూస్తున్నది దక్కదు. అబద్ధం చెబితే ఆయన ఇట్టే పట్టేస్తారు, పైగా అబద్ధం ఆవిడకు చేతకాదు. నాకు భయం ఎంత ఉందో కుతూహలమూ అంతే ఉంది.

సాయంత్రం యాదగిరి గారు కొత్త కండువాతో వేదిక మీద నిలబడ్డారు. మొదటి పద్యంలో గొంతు వణికింది, రెండోదానికి కుదురుకుంది. చివరి పద్యంలో రాగం ఎత్తుకుంటే నా ఒళ్లు జల్లుమంది. పద్యాల అభిమానులు నచ్చిన పద్యం కాగానే "వన్స్ మోర్" అని కేకేస్తారు. పాడేవాళ్లకు శాలువాకన్నా అదే పెద్ద సన్మానం. చప్పట్లయితే గట్టిగానే పడ్డాయి గానీ ఆ కేక మాత్రం రాలేదు. ఆయన మైకు దగ్గరే ఒక్క క్షణం ఆగి, దండం పెట్టి లోపలికి వెళ్లిపోయారు. నా పక్కన శకుంతలక్క ముందుకు వంగి ఇంకా వేదిక వైపే చూస్తోంది.

హోటల్లో యాదగిరి గారు ఛాయ్ ముట్టలేదు. "చెప్పు టీచరమ్మా" అన్నారు, ఆవిడ ఎదుట కూర్చుని.

"మొదటి పద్యంల కండువా కొస గట్టిగ పట్టుకున్నవ్. రెండోదానికి ఇడిచిపెట్టినవ్. ఆఖరుదాంట్ల కండ్లు మూసుకున్నవ్. హార్మోనియం ఆయన గప్పటిదాంక తన పెట్టె మెట్లనే చూస్తున్నోడు, తల లేపి నిన్ను చూసిండు. ముందటి వరుసల ఒకాయన ఇంటికి పోదామని లేచి, అట్లనే నిలవడ్డడు."

యాదగిరి గారి ముఖం వెలిగిపోయింది. "మరి గొంతు? రాగం నిలిచిందా?"

అక్క తడబడింది. నేను ఆదుకుందామని "రాగమైతే..." అంటూ నోరు తెరిచాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"అది నాకు తెల్వదు యాదగిరీ. నాకు వినవడలే. చెవులు పోతున్నయ్. నీకు జెప్పకుండ దాచిన."

ఆయన ఛాయ్ కప్పు పక్కకు జరిపారు. "గిది నాకు ముందుగాల జెప్పొద్దా?" అన్నారు.

"చెప్తే నువ్వు పాడకపోతుంటివి."

"నిజమే. పాడకపోతుంటి."

అప్పుడు శకుంతలక్క కుడి చెవి మీది జుట్టు వెనక్కి తోసుకుని, బల్ల మీదుగా ఆయన వైపు వంగింది.

"వన్స్ మోర్" అంది.

యాదగిరి గారు లేచి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. చుట్టూ సాసర్ల చప్పుడు. పక్క బల్ల దగ్గర హాస్టల్ పిల్లలు పరీక్ష ప్రశ్నలు ఒకరినొకరు అడుక్కుంటున్నారు. ఆయన ఎవరికీ సిగ్గుపడలేదు. ఆవిడ చెవి దగ్గర వంగి చివరి పద్యం మొదటి నుంచీ పాడారు. రాగం మధ్యలో ఊపిరి చాలక ఒకసారి తెగింది. మళ్లీ అందుకున్నారు. హాస్టల్ పిల్లలు ప్రశ్నలు ఆపేశారు. శకుంతలక్క కళ్లు మూసుకుని వింది. ఇన్నేళ్లలో ఏ సభలోనూ ఆవిడ కళ్లు మూసుకోవడం నేను చూడలేదు.

"రాగం తెగింది" అంది, కళ్లు తుడుచుకుంటూ. "తెగిన కాడికెల్లి అందుకున్నవ్ చూడు, గది వినవడ్డది నాకు."

"చాలు టీచరమ్మా" అన్నారు యాదగిరి గారు. చల్లారిపోయిన ఛాయ్ అప్పుడు తాగారు.

ఆ తర్వాత కూడా ఆవిడ సభలు మానలేదు. తాను చూసింది మాకు చెప్పేది, మేము విన్నది దగ్గరికి పిలిచి చెప్పించుకునేది. ప్రశ్నలు తగ్గకపోగా ఇంకా పెరిగాయి. మైకు కూస్తే చాలు, ఆవిడకు ఏమాత్రం వినపడిందోనని నేను పక్కకు తిరిగి ఆవిడ ముఖమే చూసేదాన్ని. ఒకప్పుడు నలుగురిలో ఏదైనా వినపడకపోయినా, అర్థం కాకపోయినా తలూపి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నాకు తెలియలేదని చెప్పేస్తాను, మళ్లీ చెప్పమంటాను. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. కొందరు మాత్రం దగ్గరికి జరిగి మొదటి నుంచీ చెబుతారు. నాకున్న స్నేహితులంతా అలా దగ్గరికి జరిగినవాళ్లే.