చుక్కకూర ఐస్‌క్రీమ్

మొన్న జగిత్యాలలో ఓ పెళ్ళి విందులో తమలపాకు ఐస్‌క్రీమ్ పెట్టారు. ఆకుతో ఐస్‌క్రీమేమిటని మా బల్ల దగ్గరి కుర్రవాళ్ళు తెగ ఆశ్చర్యపోతుంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు. సౌదీలో, హాయిల్‌లో ఉన్నప్పుడు నేను చుక్కకూరతోనే ఐస్‌క్రీమ్ చేశాననీ, అది తిన్న ఒక అమీరు తన బంగారు గడియారం విప్పి నా చేతిలో పెట్టాడనీ చెప్పాను. గడియారమేదని ఒకడు అడిగాడు. విమానాశ్రయంలో పోయిందన్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే, అసలు సంగతే గడియారం కంటే బాగుందనిపించింది. అమీరూ లేడు, గడియారమూ లేదు. తిన్నది మా కఫీల్, అంటే నన్ను వీసా మీద రప్పించుకున్న అరబ్బు యజమాని, ముసలి తల్లి.

నా ఇకామాలో, అంటే అక్కడి నివాస కార్డులో, ప్లంబరని రాసి ఉండేది, చేతిలో మాత్రం గరిటె ఉండేది. కఫీల్‌కు ఓ చిన్న మెయింటెనెన్స్ కంపెనీ. దాని పేరు మీద నన్ను రప్పించి, ఇంట్లో వంటకు పెట్టుకున్నాడు. సౌదీవాళ్ళకూ ఉద్యోగాలివ్వాలన్న నితాకత్ నిబంధన వచ్చినప్పుడు ఎలాగో నిలబడ్డ ఆ కంపెనీ, తర్వాత బయటిదేశపు పనివాళ్ళ మీద మనిషికింతని లెవీ పన్ను పడేసరికి కుంగిపోయింది. ఒక్కొక్కరికే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తూ వచ్చాడు. ఆ చలికాలం చివర నా వంతు వచ్చింది. ఇకామా గడువు అయిపోతోంది, ఇక కట్టలేనన్నాడు. మంచివాడే, చెప్పేటప్పుడు నా ముఖం చూడలేకపోయాడు. మా చిన్నబిడ్డ నర్సింగు చదువు ఇంకా ఒక్క ఏడాది మిగిలి ఉంది. నాకు కావలసింది సరిగ్గా ఆ ఏడాదే.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వాన పడితే హాయిల్ చుట్టూ ఎడారిలో హుమ్మైద్ అనే ఆకు మొలుస్తుంది. పేరు వాళ్ళది గానీ ఆకు అచ్చం మన చుక్కకూర. మా గదిలో పప్పులో వేసుకునేవాళ్ళం. వాళ్ళు పచ్చిదే నమిలేస్తారు. ముసలమ్మ ఏటా వెళ్ళి స్వయంగా కోసుకునేదట. ఆ ఏడు మోకాళ్ళు సాగనివ్వలేదు. పైగా జ్వరం వచ్చి తగ్గింది, నోటికేదీ హితవు కావడం లేదు, ఐస్‌క్రీమ్ మాత్రం రెండు చెంచాలు తినేది. ఆకునూ ఐస్‌క్రీమునూ కలిపి పెడితే ఆమె మనసు కరిగి కొడుకుతో ఓ మాట చెబుతుందని నా పథకం. సంచెడు ఆకు కోసుకొచ్చి, రుబ్బి, మరగకాచిన చిక్కటి పాలలో పోశాను. పోయడమేమిటి, విరగడమేమిటి. ఆ ఇంట్లోనే పనిచేసే కడప చెల్లె వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"పాలల్లో చుక్కాకు పోసినావా అన్నా? పిచ్చి గానీ పట్టిందా నీకు?"

"గీళ్ళకేమెర్క చెల్లె, కొత్త రకమనుకుంటరు."

"ఊ, రేపే ఇమానం ఎక్కిస్తారు నిన్ను. జరుగు పక్కకి."

పాలు పారబోసింది. మిగిలిన ఆకును బట్టలో వేసి రసం పిండింది. ఆకుతో పాటు నేను కోసుకొచ్చిన ఖుజామా అనే ఊదారంగు పూలను చక్కెర పాకంలో నానేసి, వడకట్టి, రసంలో కలిపి, స్టీలు డబ్బాలో పోసి, డీప్ ఫ్రీజర్‌లో కోళ్ళ పక్కన పెట్టింది. అది రాయిలా గడ్డకట్టకుండా మధ్యమధ్య తీసి ఫోర్కుతో గీరడం, అదొక్కటే నేను చేసింది.

సాయంత్రం వాకిట్లో ముసలమ్మ రెండు చెంచాలతో ఆగలేదు, కప్పు అడుగు దాకా గీరి తింది. ఎవరు చేశారంటే చెల్లె నన్ను చూపించింది. పక్కనే కూర్చున్న కఫీల్ లెక్క తెలిసినవాడు. చెల్లెది ఇంటిపని వీసా, దానికి లెవీ లేదు. ఈ పిల్ల కూడా చూసింది కదమ్మా, ఇకమీదట తనే చేస్తుందిలే అన్నాడు. చెల్లె చేతులు తుడుచుకుంటూ, అరబ్బీలో ఒట్టేసి, వల్లాహి నాకు రాదు బాబా, అది ఆయన చేతి పని అంది. ముసలమ్మ కొడుకు వైపు తిరిగింది.

"వీణ్ణి పంపించేస్తే వచ్చే వానకు నాకిది ఎవరు చేసిపెడతారు?"

ఆ వారంలోనే కఫీల్ నా ఇకామా ఏడాదికి పొడిగించి తెచ్చాడు. ఎందుకట్ల ఒట్టేసినవ్ చెల్లె అని వంటింట్లో అడిగితే, వచ్చే వానలోపు సరిగ్గా నేర్చుకో అన్నా, మళ్ళీ నాతో దొంగ ఒట్టు వేయించొద్దు అంది. నేర్చుకున్నాను. తర్వాతి వానకు నేనే చేశాను. లెవీ ఇంకా పెరిగింది, ఆ వసంతంలోనే నా ఎగ్జిట్ పడింది. అప్పటికి బిడ్డ ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్తోంది. గల్ఫులో గడిపిన ఏళ్ళన్నీ ఇప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకే మధ్యాహ్నంలా తోస్తాయి గానీ, అలా దక్కిన ఆ ఒక్క ఏడాదికి మాత్రం నాలో ఇంకా విడివిడిగా నెలలున్నాయి, వారాలున్నాయి.