దండ కోసం తీయించుకున్న ఫోటో

మా అత్తగారు పోయినప్పుడు గోడకు పెట్టడానికి ఆమె ఫోటో ఒక్కటీ దొరకలేదు. ఎవరిదో పెళ్లిలో గుంపుగా దిగిన ఫోటోలోంచి ఆమె ముఖం వరకు కత్తిరించి పెద్దది చేయించారు. భుజం మీద పక్కింటావిడ చెయ్యి ఉండిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆ చేతికి కూడా దండ వేస్తున్నాం. చెయ్యిగలావిడ ఇంకా బతికే ఉంది. అప్పుడప్పుడు వచ్చి చూసుకుని పోతుంది.

నాకా గతి పట్టకూడదని అరవై దాటగానే అనుకున్నాను. బతుకంతా మిరపతోటలో పోయింది, గోడమీదైనా కాస్త మనిషిలా కనపడాలని నా ఆశ.

అప్పుడే మా తమ్ముడి కొడుకు దర్శిలో స్టూడియో పెట్టి పెద్ద డిజిటల్ కెమెరా కొన్నాడు. మంచి గిత్తల జత వచ్చేంత డబ్బు దానికి పోశాడు.

"ఏరా, ఇది పేడైనా వేస్తుందా?" అన్నాను.

"దీంతో తీస్తే నీ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు అత్తా."

"లెక్కపెట్టి ఏం చేస్తావు, మిర్చి యార్డుకు తోలతావా?"

అంత ఖరీదు పెట్టావు కాబట్టి తలుపంత ఫోటో ఇవ్వమన్నాను. సరేనన్నాడు.

వెనక ఎర్రగా ఉంటే బాగుంటుందని కాయలు ఆరబోసిన కల్లంలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. పట్టుచీర కట్టాను, పౌడరు మందంగా రాశాను. వాడు కాయల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కెమెరా ఎత్తడం, ఘాటుకు తుమ్మడం, కళ్లు తుడుచుకుని మళ్లీ ఎత్తడం. ఎండలో గంట గడిచింది.

"కొంచెం నవ్వు అత్తా."

"చచ్చినదాన్ని, నవ్వడమేందిరా?"

వారానికి ఫ్లెక్సీ తెచ్చాడు. నిజంగానే తలుపంత ఉంది. పౌడరు పిడుగురాళ్ల సున్నం కొట్టిన గోడలా ఉంది, ఆ గోడ నిండా పగుళ్లు. గడ్డం మీద మూడు వెంట్రుకలు. చెంపకు ఒక మిరపగింజ అంటుకుని ఉంది, దాని నీడతో సహా పడింది.

మా ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "నలభై ఏళ్లలో నిన్నింత దగ్గరగా చూళ్లేదే," అన్నాడు.

నా ముఖం మాడిపోయింది. వాడు భయపడి కంప్యూటర్‌లో సరిచేసి ఇంకోటి తెచ్చాడు. ముడతల్లేవు, గింజ లేదు, రంగు కూడా తేలింది. మా ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇదే పెట్టుకుందాం," అన్నాడు.

"ఎవరయ్యా ఈవిడ? నేను పోయాక ఈవిడకి దండ వేస్తావా?"

"నువ్వేగా?"

"నేనైతే నువ్వట్టా చూడవు."

ఆ రెండోదాన్ని వాడి చేతికే తిరిగిచ్చాను. తలుపంత ఫ్లెక్సీ గాదె వెనక పడింది.

మరుసటేడు తోట ఏపుగా వచ్చింది. దిష్టి తగలకుండా అందరూ చేలల్లో సినిమా హీరోయిన్ల బొమ్మలు కడుతున్నారు. మా ఆయన నాకు చెప్పకుండా గాదె వెనకది తీసి, రోడ్డు వైపు రెండు గుంజలకు నన్ను కట్టాడు.

నాలుగోనాడు మా ఆడబిడ్డ ఏడుస్తూ ఇంటికొచ్చింది. పొలం పక్కగా వచ్చే బస్సు దిగి తిన్నగా వచ్చింది. రోడ్డు పక్కన ఫ్లెక్సీ కట్టారంటే నాయకుడిదైనా అయ్యుండాలి, పోయినవాళ్లదైనా అయ్యుండాలి. నేను నాయకురాలిని కాదని ఆమెకు తెలుసు.

"కబురైనా చేయలేదేం అన్నయ్యా," అని మా ఆయన్ని పట్టుకుంది.

నేను వంటింట్లోంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. సగం తాగాక తలెత్తి చూసి, గ్లాసు వదిలేసింది.

తేరుకున్నాక అడిగాను, "అంత దూరాన్నుంచి నేనేనని ఎట్టా తెలిసింది నీకు?"

"తెలియకపోవడమేంది వదినా. బస్సు మలుపు తిరగ్గానే నువ్వే. చెంపమీద గింజతో సహా నువ్వే."

నా మనసు అక్కడ కుదుటపడింది. పక్కింటావిడ చెయ్యి లేదు, కంప్యూటర్ పిల్ల లేదు, బస్సులోంచి చూసినా నేనే. ఆ ఏడు తోట కూడా విరగకాసింది. కెమెరా ఖరీదు ఎక్కువని మళ్లీ అనలేదు. గిత్తల్ని చేలో నిలబెడితే కాపలా కాయవు సరికదా, మేస్తాయి.

అదే ఫోటో చిన్నది చేయించి ఫ్రేము కట్టించాను. యాభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలతో వెనక నేనే రాశాను: "ఇదే పెట్టండి. గింజ తీయొద్దు."