చూసి నొక్కనివాళ్లు

మిషన్ల మెకానిక్ మోకాలు మొరాయించిన ఏడాదే ఆయనకు బేరాలూ తగ్గాయి. అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లు సైకిలు వెనక పనిముట్ల పెట్టె కట్టుకుని, వీధివీధీ తిరిగి కుట్టుమిషన్లు బాగుచేశాడు. గుమ్మంలో నిలబడి చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. ఇప్పుడు మెట్లెక్కలేడు. ముందుగదిలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఇక మిషన్లే ఆయన దగ్గరికి రావాలి. అవి రావడం లేదు.

బావమరిది బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. గేటు దగ్గర వాచ్‌మన్ పని ఖాళీగా ఉందని, ఒకటో తారీకులోపు ఏ సంగతో చెప్పమని అన్నాడు. కుర్చీ కూడా ఇస్తారట. లోపల మూడు వందల మిషన్లు ఆడుతుంటే బయట కూర్చుని వాటి చప్పుడు వినడం తలచుకుంటే మెకానిక్‌కి ఔననడానికి మనసు రాలేదు.

ప్రకటన మాట ఎత్తింది ఆయన తమ్ముడి కూతురు. పదో తరగతితో చదువు ఆగి, రెండేళ్లుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటోంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఇంటర్నెట్‌లో ఒక టైలరింగ్ టీచరు రాసే పేజీలు చూపించింది. పేజీలో ఏముందో ప్రకటనల కంపెనీ యంత్రం చదువుకుని, దానికి తగిన ప్రకటనలు తెచ్చి పక్కన వరసగా పెడుతుందట. ఊరికే చూస్తే ఖర్చు లేదు, ఎవరైనా నొక్కితేనే ఇవ్వాలి. నొక్కుకి ఎంతిస్తామో మనమే చెప్పాలి. మెకానిక్ ఒక టీ ఖరీదు చెప్పాడు.

మొదటి రోజు వరసలో రెండోది ఆయనదే. "అన్ని రకాల కుట్టుమిషన్లు రిపేరు చేయబడును." ఆయన భార్య ఆ సంబరంలో చుట్టాలందరికీ ఫోన్లు చేసింది.

వారం తిరిగేసరికి అది మూడోదైంది, తర్వాత ఐదోది. మెకానిక్ రెండు టీలన్నాడు, మూడన్నాడు. రెండు రోజులు పైకి వచ్చి మళ్లీ జారిపోయింది. డబ్బున్నవాడిదే పైన ఉంటుంది, మనకెందుకీ పోటీ అని, శుక్రవారం బావమరిదికి ఔనని చెప్పేద్దామనుకున్నాడు.

కంపెనీవాళ్లు రాసిపెట్టిన వివరాలన్నీ అమ్మాయి రెండు రోజులు కూడబలుక్కుని చదివింది. మూడో రోజు బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"పెదనాన్నా, డబ్బొక్కటే కాదంట. చూసినవాళ్లలో ఎంతమంది నొక్కుతారో కూడా చూస్తారంట. ఆ రెండూ గుణించి వరస పెడతారంట."

"ఎందుకలా?"

"నొక్కితేనే కదా వాళ్లకి డబ్బు. ఎవరూ నొక్కనిది పైన పెట్టుకుని ఏం చేసుకుంటారు?"

మెకానిక్ బల్ల మీది మిషన్ వైపు చూశాడు. పైదారం బిగువు తిప్పే మర మీదే ఉంది ఆయన వేలు. అదొక్కటే బిగిస్తూ పోతే కుట్టు గట్టిపడదు, దారం తెగుతుంది. కింద బాబిన్‌లోని దారం కూడా దానికి సరిపడా ఉండాలి. కొత్తగా పని నేర్చుకునేవాళ్లకి మొదటి రోజే చెప్పే మాట. ఇన్ని రోజులుగా తను చేస్తున్నది పైదారం బిగించడమే.

మనది ఎంతమంది చూశారని అడిగాడు. నాలుగు వందల పన్నెండు సార్లు కనబడిందని, నొక్కినవి మూడేనని చెప్పింది. చూసేదంతా పొద్దున్న ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యే. ఆ వేళ కుట్టు పేజీలు చదివేదెవరని ఆయన అడిగితే, అమ్మాయి వంటింటి వైపు చూసింది.

అక్కడ ఆయన భార్య తడిచేతులు తుడుచుకుని ఫోన్ తెరిచింది. పేజీ వెతికి పట్టుకుని, ప్రకటన తనివితీరా చూసి మూసేసింది. తర్వాత చెల్లెలికి ఫోన్ కలిపింది. "చూశావా ఇవాళ? ఆఁ, చూడు కానీ నొక్కకు. మీ బావకి ఖర్చు."

ఇరవై ఎనిమిదేళ్లు ఎవరి మిషన్ జబ్బు వాళ్ల ముఖం మీదే చెప్పిన మనిషి ఆ పూట మిషన్‌కి నూనె వేస్తూ కూర్చున్నాడు. చూసి నొక్కకపోతే అదెవరికీ అక్కర్లేదని యంత్రం కిందికి దించుతుందని, మర్నాడు భోజనాలయ్యాక మెల్లగా విడమరిచి చెప్పాడు. ఆమె గిన్నెలు ఎత్తబోయి మళ్లీ కింద పెట్టింది.

"అంటే నేనే దించానా?"

"నువ్వు దించలేదు. నాకు ఖర్చు కాకూడదనుకున్నావు. ఆ సంగతి యంత్రానికేం తెలుసు?"

ఆ సాయంత్రమే ఆమె వరసపెట్టి అందరికీ ఫోన్లు చేసి ఇక చూడవద్దని చెప్పింది. అయితే రోజూ తలో నొక్కు నొక్కుదామని బావమరిది నవ్వుతూ అన్నాడు. అమ్మాయి మాత్రం నవ్వలేదు. అది మోసమని, పట్టుకుంటే ప్రకటనే తీసేస్తారని చెప్పింది.

ప్రకటన మాటలు కూడా మార్చారు. ప్రకటన కనబడే టీచరు పేజీ దారం తెగడం గురించి కాబట్టి, మెకానిక్ చెబుతుంటే అమ్మాయి రాసింది: "దారం పదేపదే తెగుతోందా? ముందు సూది మార్చి చూడండి. అప్పటికీ తెగితే మిషన్ తీసుకురండి. మా దగ్గర మెట్లు లేవు." సూది మారిస్తే సగంమందికి బాగైపోతుంది, ఇక మీ దగ్గరికెందుకొస్తారని బావమరిది అడిగాడు. గుమ్మంలో నిలబడి చెప్పిందే ఇక్కడా చెబుతానన్నాడు మెకానిక్. వాచ్‌మన్ పనికి ఔనని మాత్రం చెప్పలేదు. ఒకటో తారీకు దాకా గడువుందిగా అన్నాడు.

ప్రకటన మొదటి స్థానానికి ఎన్నడూ రాలేదు. ముప్పయ్యో తారీకున మూడో స్థానంలో ఉంది.

"ఎక్కడుందే ఇవాళ?" మెకానిక్ భార్య గుమ్మం దగ్గర్నుంచే అడిగింది.

"మూడు, పెద్దమ్మా."

"నువ్వు చూస్తే పరవాలేదా?"

"నేను పేజీ తెరవను. కంపెనీవాళ్ల రిపోర్టు చూస్తాను."

ఆమె ఏదో అనబోతుండగా బయట ఆటో ఆగింది. ఒకావిడ పాత దుప్పట్లో చుట్టిన మిషన్ దించుకుంది. ఆ వారంలో అది నాలుగోది.

"సూది మార్చానండీ. అయినా తెగుతోంది."

మెకానిక్ చక్రం మీద చెయ్యి వేసి నెమ్మదిగా తిప్పుతూ, తల వంచి చప్పుడు విన్నాడు. లోపల ఎక్కడో బాబిన్ కూర్చునే షటిల్ గీసుకుంటోంది. స్క్రూడ్రైవరు కోసం పెట్టెలో వెతుకుతుంటే ఫోన్ మోగింది. భార్య తీసింది. రేపే ఒకటో తారీకు, బావ ఏమంటాడని ఆమె తమ్ముడు అడుగుతున్నాడు.

"ఆయన పనిలో ఉన్నార్రా," అందామె. "ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకో."